దించగలిగితేనే గూడు

ఆస్ట్రేలియాలో 'యూట్' అని పిలుచుకునే వాహనం ఒకటి ఉంది. 'యుటిలిటీ' అన్న పొడుగుపేరును అక్కడివాళ్ళు నోటికి వీలుగా కురచ చేసుకున్నారు. ముందు భాగం కారులా ఉంటుంది, వెనుక భాగం సరుకు వేసుకోవడానికి తెరిచి ఉంటుంది. ఆ వెనుక భాగంలో రెండు రకాలు. వాహనపు ఒంటితో కలిసిపోయిన తొట్టిలాంటిది ఒకటి. చట్రం మీద విడిగా బిగించిన, పక్క తలుపులు కిందికి వాలే చదునైన ట్రే మరొకటి. ఈ రెండో రకం మీద వానకూ దుమ్ముకూ దొంగలకూ అడ్డంగా పెట్టుకునే కప్పును వాళ్ళు 'క్యానపీ' అంటారు. మనకు దానికి కొత్త మాట వెతకవలసిన పని లేదు. గూడుబండి ఎక్కిన జాతి మనది. గూడు అంటే చాలు.

ఆ గూడును ఎలా కట్టాలి, ముఖ్యంగా ఎలా దించాలి అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి. ఇది వడ్రంగులకూ వెల్డర్లకూ సంబంధించిన విషయం గదా, మనకెందుకు అని చదువరులు అనుకోవచ్చు. ఒక్క బండి మీద రెండు బతుకులు నడుపుకునే సామాన్యుడి సంగతి ఇందులో ఇమిడి ఉంది గనుక కాస్త ఓపిక పట్టమని మనవి.

యూట్ పుట్టుక గురించి ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ ఒకటుంది. 1932లో విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌లాండ్ ప్రాంతం నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసింది. ఆదివారం చర్చికి వెళ్ళడానికీ, సోమవారం పందులను సంతకు తోలుకుపోవడానికీ పనికివచ్చే ఒకే వాహనం తయారు చెయ్యమని ఆమె కోరిక. కారూ, లారీ రెండూ కొనే స్తోమతు ఆ ఇంటికి లేదు. జీలాంగ్ కర్మాగారంలో పనిచేస్తున్న లూయిస్ బ్యాండ్ట్ అనే యువకుడు ఆ కోరికను బొమ్మగా గీశాడు, 1934లో ఆ వాహనం రోడ్డెక్కింది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కార్ల తయారీ 2016లో, హోల్డెన్ తయారీ 2017లో ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ తిరిగే యూట్లు బయటినుంచి దిగుమతి అయినవి. ఐనా ఆ వాహనం మీద మోజు తగ్గలేదు. 2016 నుంచి 2022 వరకూ ఏటా టొయోటా హైలక్స్, 2023లోనూ 2024లోనూ ఫోర్డ్ రేంజర్ ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యాయి.

ఆ ఉత్తరంలోని కోరికను జాగ్రత్తగా గమనించండి. ఆమె పెద్ద బండి కావాలని అడగలేదు, గట్టి బండి కావాలనీ అడగలేదు. ఆదివారానికీ సోమవారానికీ మధ్య మారగలిగే బండి కావాలంది. యూట్ ఆత్మ ఆ మార్పులోనే ఉంది. ఆ ట్రే మీద ఒక పెట్టెను తెచ్చి శాశ్వతంగా బిగించేస్తే ఆ ఆత్మ పోతుంది. అప్పుడది వ్యాన్ అవుతుంది. అందునా, వ్యాన్ కన్నా ఎత్తుగా ఉండి, వ్యాన్ కన్నా తక్కువ సరుకు పట్టే వ్యాన్ అవుతుంది. అందుకే గూడు దించడానికి వీలుగా ఉండాలంటాను. 'దించడానికి వీలైనది' అని ఊరికే పేరు పెట్టుకుంటే సరిపోదు. ఒక్క మనిషి, ఎవరి సాయమూ లేకుండా, తన దగ్గరున్న పనిముట్లతో, అరగంటలో దించగలగాలి. నలుగురు మనుషులూ ఒక క్రేనూ ఉంటేగాని దిగని గూడు, ఎన్ని బోల్టులు విప్పడానికి వీలున్నా, దిగని గూడు కిందే లెక్క. మొదటి నెలలో ఒకసారి దించుతారు. తరువాత ఆ శ్రమ తలుచుకుని ఇక ముట్టుకోరు.

మన పాత గూడుబండి ఈ పరీక్షలో నెగ్గింది. వెదురుబద్దలను విల్లులా వంచి, వాటి కొసలను బండి పక్కల్లో దిగవేసి, పైన చాపో తాటాకో కప్పేవారు. ఆడపిల్లను అత్తవారింటికి పంపాలన్నా, తీర్థానికి వెళ్ళాలన్నా గూడు ఎక్కేది. వరికుప్పలు ఇంటికి చేర్చే రోజున అదే బండి మీదనుంచి గూడు దిగి చావిడి గోడకు ఆనుకునేది. శాశ్వతంగా గూడున్న సవారీ బళ్ళూ, తెలంగాణలోని కచ్చురం బళ్ళూ కలిగినవారి ఇళ్ళల్లో వేరుగా ఉండేవి. ఒకటే బండి ఉన్న ఇంట్లో మాత్రం గూడు దిగి తీరవలసిందే. ఆ గూడు కట్టినవాడు ఏ కళాశాలలోనూ చదవలేదు గాని, మూడు నియమాలు మాత్రం అతనికి తెలుసు. బరువు ఒక మనిషి మోసేంతే ఉండాలి, కీలు ఎక్కడుందో కంటికి కనపడాలి, దించిన వస్తువుకు ఇంట్లో చోటుండాలి. ఇప్పటి గూళ్ళను కూడా ఈ మూడు నియమాలతోనే తూచి చూద్దాం.

మొదటిది బరువు. గూడు పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 0.9 అనుకుందాం. పైకప్పూ నాలుగు గోడలూ కలిపి రేకు వైశాల్యం సుమారు 9.7 చదరపు మీటర్లు. 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వాడితే రేకు బరువే 66 కిలోలు, 1.6 మిల్లీమీటర్ల ఉక్కు రేకైతే 122 కిలోలు. చట్రం, తలుపులు, బందులు, తాళాలు కలిపితే అల్యూమినియం గూడు కూడా 110 కిలోల దాకా పోతుంది. ఒక మనిషి ఎత్తే బరువు కాదది. కనుక దారులు రెండే. గూడును మొత్తంగా జాకీ కాళ్ళ మీద లేపి, కింది నుంచి బండిని నడుపుకుపోవడం ఒకటి. గూడును పలకలుగా విడదీసి, ఒక్కొక్క పలకనూ చేత్తో దించడం రెండోది. పై లెక్క ప్రకారం పైకప్పు రేకు ఒక్కటే 22 కిలోలు. అంచులకు పట్టీలు వేసినా ఇద్దరికి హాయిగా, ఒక్కరికి కాస్త కష్టంగా లేస్తుంది. ఆ పైకప్పును మధ్యకు రెండు ముక్కలు చేస్తే ఆ కష్టమూ ఉండదు.

కాళ్ళ పద్ధతి చూడడానికి ముచ్చటగా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు కాళ్ళు దిగుతాయి, గూడు లేస్తుంది, బండి బయటికి వస్తుంది. ఐతే ఇందులో ఒక తిరకాసుంది. గూడు బరువు తగ్గుతున్నకొద్దీ బండి స్ప్రింగులు సాగి ట్రే కూడా పైకి లేస్తుంది. గూడు ఐదు అంగుళాలు లేచిందనుకుంటే, ట్రే దాని వెంటే రెండు అంగుళాలు లేచి కూర్చుంటుంది. కాళ్ళ పొడవు కొలిచేటప్పుడు ఈ లెక్క వదిలేస్తే బండి కదిలే సమయానికి గూడు అంచు ట్రేకు తగులుతుంది. రెండోది, కాళ్ళ మధ్య వెడల్పు ట్రే వెడల్పు కన్నా ఎక్కువ ఉండాలి గనుక కాళ్ళు బయటికి జరిగే చేతులమీద ఉండాలి. మూడోది నేల. సామానుతో కలిపి 350 కిలోల గూడైతే ఒక్కొక్క కాలి మీద సుమారు 88 కిలోలు. సన్నని గొట్టం కొస మీద ఆ బరువు పడితే తడినేలలో దిగబడుతుంది. కాలి కింద వెడల్పైన పలక ఉండి తీరాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాళ్ళ మీద ఎత్తుగా నిలబెట్టిన గూడు గాలికి ఒరిగే ప్రమాదం ఉంది. పిల్లలు తిరిగే పెరట్లో దాన్ని అలా వదిలెయ్యడం తగదు. బండి బయటికి రాగానే నేలకు వీలైనంత దగ్గరగా దించి పెట్టే ఏర్పాటు ఆ కాళ్ళలోనే ఉండాలి.

దీంతో మూడో నియమం దానంతటదే ముందుకు వచ్చింది. దించిన గూడు ఎక్కడ ఉంటుంది? గూడు కట్టేవాళ్ళు బండిని కొలుస్తారు, ట్రేను కొలుస్తారు. ఇంటిని కొలిచేవాళ్ళు అరుదు. నా మట్టుకు నాకు, గూడు నమూనా గీయడం పెరటి కొలతతో మొదలు కావాలనిపిస్తుంది. రెండెకరాల పొలమూ పెద్ద షెడ్డూ ఉన్న రైతుకు కాళ్ళ గూడు సరిపోతుంది. నగరంలో అద్దె ఇంట్లో ఉంటూ, ఉన్న ఒక్క కారు చోటునూ యూట్‌కే ఇచ్చేసిన ప్లంబర్‌కు అదే గూడు గుదిబండ. ఎక్కడ పెట్టాలో తెలియక దించడమే మానేస్తాడు. అతనికి పలకలుగా విడిపోయి, గోడకు ఆనించితే ఒక అడుగు మందంలో ఒదిగిపోయే గూడు కావాలి. ఒకే గూడు ఇద్దరికీ నప్పుతుందని అమ్మడం అన్యాయం.

ఇక కీలు సంగతి. సులువుగా దిగేది సులువుగా ఊడుతుందేమో అన్న భయం న్యాయమైనదే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. బండి ఎత్తును దాటి నిలబడ్డ గూడు ఆ ఒత్తిడిని ముఖాన భరించాలి. పైకప్పు మీద గాలి పైకి లాగుతుంది. దీనికి తోడు హఠాత్తుగా బ్రేకు వేస్తే లోపలి సామాను బరువంతా ముందుకు తోస్తుంది. ఆస్ట్రేలియాలో సరుకు కట్టడానికి పెట్టుకున్న ప్రమాణం ప్రకారం, కట్లు ముందుకు సరుకు బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం, పైకి 20 శాతం బలాన్ని ఆపగలగాలి. దించే గూడును కట్టినవాడు తన గూడును కూడా ఆ సరుకులో భాగంగానే లెక్కవేసుకోవడం క్షేమం. 350 కిలోల గూడైతే ముందుకు 280 కిలోల తోపు అన్నమాట. ఆ తోపును బోల్టుల మీదే వెయ్యకూడదు. ట్రే మీద నాలుగు శంకువు ఆకారపు మొలలు నిలిపి, గూడు అడుగున వాటికి సరిపడే గుంటలు పెడితే, గూడు తనంతట తాను సరైన చోట కూర్చుంటుంది, తోపును మొలలు భరిస్తాయి. బోల్టులకు మిగిలిన పని గూడును పైకి లేవకుండా పట్టి ఉంచడమే. అలల్లా గట్లు కట్టిన మట్టిరోడ్ల మీద వందల కిలోమీటర్లు అదిరితే ఎంత బిగువైన గడియైనా వదులవుతుంది గనుక ప్రతి గడియకూ తోడుగా ఒక పిన్ను ఉండాలి. ఆ పిన్ను ఉందో ఊడిందో బండి చుట్టూ ఒకసారి నడిస్తే కనపడాలి. వెదురుగూడు నియమమే ఇది.

గట్టిగా బిగించడం ఒక్కటే గుణం అనుకోవడం కూడా పొరపాటు. గతుకుల్లో వాహనపు చట్రం మెలితిరుగుతుంది. దానితోపాటు ట్రే కొంత మెలితిరుగుతుంది. పెట్టెలా ఉన్న గూడు మెలితిరగడానికి ఒప్పుకోదు. నాలుగు మూలలా కదలకుండా బిగిస్తే, ఏదో ఒక మూలలో పగులు మొదలవుతుంది. సాధారణంగా వాడే అల్యూమినియం గొట్టాలకు వెల్డింగు వేడి తగిలిన చోట బలం బాగా తగ్గుతుంది గనుక పగులు అక్కడే చూపిస్తుంది. కీళ్ళ కింద గట్టి రబ్బరు దిమ్మలు వేసి గూడుకు కొంచెం ఊపిరి పీల్చుకునే చోటిస్తే మంచిది. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకిన చోట తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో నైలాను వాషరు వెయ్యడం రూపాయి ఖర్చుతో వేల రూపాయల రోగాన్ని ఆపడం.

శాశ్వతపు గూడును సమర్థించేవాళ్ళ వాదనల్లో బలమున్నవి రెండు. ఒకటి దుమ్ము. పరుగెత్తే బండి వెనుక గాలి పలచబడి, రేగిన దుమ్మును గూడులోకి పీలుస్తుంది. కీళ్ళు ఎన్ని ఎక్కువైతే దుమ్ముకు అన్ని దారులు. పలకల గూడు ఈ విషయంలో ఒంటిపెట్టె గూడుకు సాటిరాదు, ఒప్పుకుంటాను. మంచి రబ్బరు పట్టీలూ, ముందువైపునుంచి వడకట్టిన గాలిని లోపలికి నెట్టే చిన్న ద్వారమూ దుమ్మును చాలావరకు ఆపుతాయి గాని పూర్తిగా ఆపవు. రెండోది దొంగతనం. చేతిపనివాడికి పనిముట్లు పోతే ఆ రోజు కూలీ కూడా పోతుంది. సులువుగా విప్పగలిగే గూడును దొంగ కూడా విప్పుతాడు గదా అని వారి ప్రశ్న. దీనికి జవాబు ఉంది: విప్పే బోల్టుల తలలన్నీ గూడు లోపలే ఉండాలి. తలుపు తాళం తీస్తేగాని గూడు దిగదు. అంటే దించే గూడు తాళమంత గట్టిది. శాశ్వతపు గూడూ అంతే, దాని తాళమంత గట్టిదే.

వారు లెక్కలోకి తీసుకోని మూడో సంగతి మోత. ఒక యూట్ 1,000 కిలోలు మోస్తుందని కాగితం మీద ఉందనుకుందాం. ట్రే లేకుండా అమ్మే బండికి ఆ 1,000లోనే ట్రే బరువు కూడా పోతుంది. ట్రే 160, గూడు 110, లోపలి అరలూ బ్యాటరీ ఫ్రిజ్ కలిపి 120, ఇద్దరు మనుషులు 160, ముందు కమ్మీ వెనుక కొక్కెం 80, మంచినీళ్ళు 60. కూడితే 690. ఇక మిగిలింది 310 కిలోలు. ఇసుక వెయ్యవలసిన రోజున గూడూ అరలూ దించగలిగినవాడికి మరో 230 కిలోలు చేతికొస్తాయి. దించలేనివాడు రెండు తిరుగుళ్ళు తిరగాలి, లేదా చట్టం గీసిన గీత దాటాలి. దాటితే బ్రేకులు చాలవు. ప్రమాదం జరిగితే బీమావాళ్ళు మొహం చాటేసే వీలుంటుంది. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడాలి. ముందు వెనుక ఇరుసుల మధ్య 3 మీటర్లున్న బండిలో, వెనుక ఇరుసుకు ఒక మీటరు అవతల 150 కిలోలు పెడితే, వెనుక ఇరుసు మీద 200 కిలోలు పడి, ముందు చక్రాల మీదనుంచి 50 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తేలిపోతుంది, చట్రానికి నడుం నొప్పి మొదలవుతుంది. బరువైన సామాను గూడులో ముందువైపుకు, క్యాబిన్ దగ్గరికి చేర్చడం అందుకే.

ఇదంతా ఆస్ట్రేలియా ముచ్చట. మన ఊళ్ళలో యూట్ లేదు గాని దాని పినతల్లి బిడ్డ ఉంది. 2005లో వచ్చిన టాటా ఏస్, జనం నోట ఛోటా హాథీ, మన పల్లెల్లో ఆ రైతు భార్య కోరిన పనే చేస్తోంది. పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం సిమెంటు బస్తాలు, సాయంత్రం పెళ్ళివారి సామాను. అప్పు తెచ్చి కొన్న బండి గనుక మూడు పూటలా తిరిగితేనే వాయిదా కట్టగలడు. ఆ ట్రే మీద ఒకే పనికి పెట్టె బిగించేస్తే ఏమవుతుందో మన కళ్ళముందే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ఇంటింటికీ రేషను బియ్యం అందించడానికి 9,260 చిన్న వాహనాలను, ఆ పనికి తగినట్టు వెనుక భాగం కట్టించి, రోడ్డెక్కించారు. 2025 జూన్ 1 నుంచి సరుకుల పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకే మళ్ళింది. ఆ పథకం మంచిచెడ్డల్లోకి నేను వెళ్ళడంలేదు. పథకం ఆయుష్షు నాలుగేళ్ళ పైచిలుకు; బండి ఆయుష్షు అంతకు చాలా ఎక్కువ. పని పోయినా బండి మిగులుతుంది గనుక, పని కోసం కట్టిన గూడు బండినుంచి విడిపోయేలా ఉండాలన్నదే నేను చెప్పేది.

మన దగ్గర రెండు జాగ్రత్తలు అదనంగా కావాలి. మొదటిది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కనుక గూడు పేరిట చట్రాన్ని కోసి, రంధ్రాలు చేసి, పొడిగించే పనులు కూడవు. ఏది కట్టించాలన్నా ముందు రవాణా అధికారులను అడగడం మేలు.

రెండో జాగ్రత్త చట్టం కన్నా పెద్దది. మన గూడుబండిలో గూడు మనుషుల కోసం. యూట్‌లో గూడు సరుకు కోసం. మనుషులు ముందు గదిలో, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. ఈ తేడాను మనం మరిచిపోతాం. నీడ కనపడితే చాలు, మిరపకోత కూలీలనో పెళ్ళివారినో ఆ నీడలోకి ఎక్కిస్తాం. సరుకు బండి బోల్తాపడి కూలీలు పోయారన్న వార్త మన పత్రికల్లో కొత్త కాదు. మూసిన గూడులో బండి పొగ చేరితే వాసన తెలియని విషవాయువు పేరుకుంటుంది. బోల్తాపడితే లోపలివాళ్ళకు పట్టుకునే ఆధారం ఉండదు. అందుకని సరుకు గూడు కట్టేవాడు మనుషులు కూర్చోలేని గూడే కట్టాలి. లోపల బల్ల వద్దు, పట్టుకునే కడ్డీ వద్దు, ఎక్కడానికి మెట్టు వద్దు. అరలతో నింపి, మనిషికి చోటు లేకుండా చెయ్యడమే దయ. కాస్త కటువుగా ఉన్నా ఈ మాట మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

గూడు కట్టించుకోబోయేవారు కట్టేవాణ్ణి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉంటాయి: రేకు మందమెంత, రంగేమిటి, తాళమెలాంటిది, ధరెంత అని. వాటన్నిటికన్నా ముందు ఒక్కటి అడగమని నా సలహా: "నువ్వొక్కడివే దీన్ని ఇప్పుడు నా ముందు దించి చూపిస్తావా?" దించి చూపినవాడికి డబ్బు ఇవ్వవచ్చు. సాయానికి మరో ఇద్దరిని కేక వేసినవాడు మీకు పెట్టె అమ్ముతున్నాడు గాని గూడు కాదు. చెల్లిస్తున్నది రెండు బతుకుల బండికి గనుక, రెండో బతుకు ఇంకా మిగిలి ఉందో లేదో చూసుకోవలసింది మీరే.